ఆవం కాపలా

మా ఆవిడ ఆవం పెట్టిందంటే మా కాలేజీలో ఎవరూ నమ్మలేదు. "ఆవకాయా మాస్టారూ?" అని అడిగినవారున్నారు. కాదండీ, ఆవమే. పుదుచ్చేరిలో మూడు నెలలుండి కుండల పని నేర్చుకొనివచ్చి, పెళ్ళినాటి కాసులపేరు అమ్మి, పెరట్లో గ్యాసుతో కాల్చే ఆవం కట్టించింది. మొల్లను కుమ్మరి మొల్ల అంటారని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నానే గాని, కుండ ఎలా కాలుతుందో నాకేం తెలుసు!

కిందటి శ్రావణంలో ఆవిడకు మొదటి పెద్ద బేరం తగిలింది. ఎవరో గృహప్రవేశానికి నలభై కప్పులు కావాలని సగం డబ్బు ముందే ఇచ్చారు. రెండు రాత్రులు నిద్ర మానుకొని పూతలు పూసి, ఆవంలో సర్ది, తెల్లవారుజామున మంట పెట్టింది. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇక కూచోలేకపోయింది. "రెండు గంటలు నడుం వాలుస్తాను. కన్నంలోంచి కోన్లు చూస్తూండండి. ఆరోది వంగగానే లేపండి" అంది.

ఈ కోన్లకు నేను శంకువులని పేరు పెట్టుకొన్నాను. వేలెడేసి ఉంటాయి. మట్టీ, పూతా తయారయ్యే దినుసులతోనే చేస్తారు. 1886లో బెర్లిన్ పింగాణీ కార్ఖానాలో జెగర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వీటిని తయారుచేశాడు. పదేళ్ళ తరవాత అమెరికాలో ఆర్టన్ అనే ఆయన తన పద్ధతిలో చేశాడు. పట్టవలసిన వేడి పట్టగానే శంకువు మెత్తబడి తల వంచుతుంది. మా ఆవిడ 5, 6, 7 నంబర్లవి వరుసగా నిలబెట్టింది. అయిదోది హెచ్చరిక, ఆరోది మనకు కావలసింది, ఏడోది వంగిందా, కొంప మునిగిందన్నమాటే. (06 కంటే 6 రెండువందల డిగ్రీల పైమాటట. ముందు సున్న చేరితే లెక్క వెనక్కి నడుస్తుంది. ఇదేం వ్యాకరణమో!)

కన్నంలోకి నల్లద్దం పెట్టుకొని చూడాలి. మొహం మాడిపోతోంది. లోపలంతా ఒకటే వెలుగు. శంకువేదో కప్పేదో తెలియదు. పక్కనే మీటరు మీద అంకెలు చల్లగా, స్పష్టంగా కనబడుతున్నాయి. ఆరో శంకువుకు 1222 డిగ్రీలని ఆవిడ పుస్తకంలోనే చదివాను. ఇంకేం, కుర్చీ మీటరు వైపు తిప్పుకొన్నాను.

ఆ రాత్రి వాన. సిలిండర్లు చల్లబడి మంట మందగించింది. 1190 దాటాక అంకె తాబేలు నడక నడిచింది. రెండు గంటలన్నది నాలుగయింది. పాపం, నిద్రపోనీ అని లేపలేదు. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా. 1222 పడ్డాకే వెళ్ళి లేపాను.

ఆవిడ కన్నంలోకి చూసి, మాట్లాడకుండా గ్యాసు కట్టేసింది. మూడు శంకువులూ పడుకొని ఉన్నాయి.

ఒకటిన్నర రోజు చల్లారనిచ్చి తలుపు తీస్తే, పూత కారి కప్పులు పలకలకు అతుక్కుపోయాయి. నలభైలో దక్కినవి ఆరు.

నేను నేరం మీటరు మీదికి తోయబోయాను.

"మీటరు అబద్ధం చెప్పలేదు" అంది. "అన్నం ఉడికిందో లేదో మంట చూసి చెబుతామా? మెతుకు పట్టి చూస్తాం. వేడి ఎంత ఉందో మీటరు చెబుతుంది. ఆ వేడి మట్టిని ఏం చేసిందో కోను చెబుతుంది. సన్న సెగన ఎక్కువసేపు ఉంటే తక్కువ డిగ్రీలకే వంగుతుంది."

కోప్పడినా బాగుండేది. నిజం చెప్పొద్దూ, ఆ కాపలా ఒక పని అని నేననుకోలేదు. ఆవిడ సరదాకు నేను చేస్తున్న సాయమనుకొన్నాను.

బేరమిచ్చినవారు మంచివారు, పది రోజులు గడువిచ్చారు. ఈసారి పలకలకు అల్యూమినా, చీనామట్టి కలిపి పూయడం నా వంతు. శంకువులు గుచ్చే మట్టిముద్ద ఆరబెట్టడమూ నా వంతే. తడి మిగిలితే ఆవిరి పట్టి పేలుతుంది. రాత్రి కన్నం దగ్గరనుంచి కదలలేదు. పన్నెండు దాటాక ఆరోది వాలడం మొదలెట్టింది. పరుగెత్తి లేపాను.

"మొన ఇంకా కింద తగల్లేదు. కాసేపు ఆగాలి" అని పక్కన చతికిలబడింది. నల్లద్దం చేతులు మార్చుకొంటూ ఇద్దరం చూస్తూ కూచున్నాం.

పాత కప్పుల్లో ఒకటి పలక ముక్కతో సహా ఊడివచ్చింది. దాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టింది. పరీక్ష పేపర్లు ఎగిరిపోకుండా బాగానే ఆపుతోంది.