ఆ గంట వాళ్లది

మా నాన్న ముప్ఫై ఏళ్లు రోజూ వాకాడులో బస్సెక్కి, కోట మీదుగా గూడూరు వెళ్లి ఉద్యోగం చేసి వచ్చారు. ఆయన పోయాక ఫొటోల కోసం ఇల్లంతా వెతికాం. పెళ్లినాటిది దొరికింది. రిటైరైన రోజు మెడలో దండలతో దిగింది దొరికింది. బస్సులో ఉన్నది ఒక్కటీ లేదు. ఎవరు తీస్తారు? బస్సూ బస్టాండూ ఫొటో దిగే చోట్లని మనమెప్పుడూ అనుకోలేదుగా!

అప్పట్నుంచీ సెలవులకు ఊరెళ్తే, తెల్లారేసరికి కెమెరాతో బస్టాండు చేరడం అలవాటైంది.

ముంబై చర్చ్‌గేట్ స్టేషన్‌లో రఘు రాయ్ 1995లో తీసిన ఫొటో ఒకటుంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడంతో నడిచే జనమంతా పొగలా చెదిరిపోయారు. కదలకుండా పేపరు చదువుకుంటున్నవాళ్లు మాత్రం స్పష్టంగా మిగిలారు. నేనూ గూడూరు బస్టాండులో సిమెంటు దిమ్మె మీద కెమెరా పెట్టి ప్రయత్నించాను. జనం చెదిరారు, బస్సు చెదిరింది. గోడమీది టైంటేబులు మాత్రం నిక్షేపంగా వచ్చింది!

అమెరికా ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు చాటున కెమెరా దాచి, ఎదుటి సీట్లలోని వాళ్లను తీశాడు. ఆ ఫొటోలు 1966లో గానీ పుస్తకంగా రాలేదు. నాకూ ఆ ఆశ పుట్టింది. వాకాడు బస్టాండులో కెమెరా ఒళ్లో పెట్టుకుని, బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న చేపలమ్మే అవ్వను తీశాను. క్లిక్‌మనగానే కళ్లు తెరిచింది.

‘‘ఏంది నాయనా, నిద్రపోయేదాన్ని తీస్తా ఉండావే?’’

సిగ్గుతో తల దించుకున్నాను. ‘‘తప్పే అవ్వా. చెరిపేస్తాను.’’

‘‘చెరపబాకలే. ఇంటికాడ నాకింత తీరిక యాడుండాది? గంప దించి ఈడ కూర్చున్న గంటే నాది’’ అంది.

‘పాపం, రోజుకి రెండు గంటలు బస్సులోనే పోతున్నాయి’ అని నాన్న గురించి అమ్మ బాధపడేది. మేమూ అలాగే అనుకునేవాళ్లం. ఆఫీసుకీ ఇంటికీ మధ్యన, ఎవరూ ఏమీ అడగని ఆ రెండు గంటలూ ఆయన సొంతమేమో! కిటికీ పక్కన కూర్చుని ఏం ఆలోచించేవారో ఒక్కసారీ అడగలేదు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు అవ్వకి ప్రింటు ఇచ్చాను. తడిచేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది.

ఇప్పుడు ఎవరిని తీయాలన్నా ముందు అడుగుతున్నాను. చాలామంది వద్దంటారు. కెమెరా సంచిలో పెట్టేసి పక్కనే కూర్చుంటాను. ఆ గంట వాళ్లది మరి!