పాత చిట్టాలు

కొన్నియేండ్ల క్రిందట కాముని పున్నమినాడు మేమొక పాపము చేసితిమి. నారాయణఖేడులోని మా పాత యింటి అటుకమీద తాతగారి కాలపు చిట్టాలు నాలుగు మూటలుండెను. వారు పట్వారీలు, ధాన్యము వడ్డీకిచ్చు అలవాటు కూడ వారికి కలదు. ఈ ఊరు 1956 వరకు బీదరు జిల్లాలోనిది. పిమ్మట మెదకులోను, 2016 లో సంగారెడ్డిలోను చేరినది. అందుచే ఉర్దూ, తెలుగు, మరాఠీవారి మోడి లిపి, ఈ మూడు వ్రాతలును ఒకే మూటలో నుండుట ఇచ్చట వింత కాదు. మంటకు కట్టెలడుగవచ్చిన పిల్లలకు, చెదలు పట్టుచున్నవను నెపమున, మూడు మూటలిచ్చివేసితిమి. నాలుగవది చీకటిమూల కనబడక మిగిలినది.

మేము కొంత నొచ్చుకొనగా మా మేనత్తగారు, "పోనీ బిడ్డా, బీదల అప్పులు కాలినవి, పుణ్యమే" అనిరి. ఆ మాట మాకును హాయిగా తోచినది. రష్యాదేశ చరిత్రకారుడగు వసీలీ క్ల్యుచెవ్‌స్కీ గ్రంథమును ఆంగ్లానువాదమున చదువువరకు ఆ హాయి చెడలేదు.

ఆయన 1841 లో పెంజా మండలమునందలి ఒక పల్లెలో పేద మతాచార్యుని యింట జన్మించెను. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. బాలునికి నత్తి పట్టుకొనెను. మతపాఠశాలలో చదువుచుండియు ఆ వృత్తి విడిచి, 1861 లో మాస్కో విశ్వవిద్యాలయమున చేరెను. ఆ సంవత్సరముననే రెండవ అలెగ్జాండరు చక్రవర్తి, భూస్వాములకు కట్టుబడియున్న సుమారు 2 కోట్ల 30 లక్షల మందికి విముక్తి ప్రకటించెను. తరతరముల దాస్యము ఒక్క ప్రకటనతో తొలగినది, అది వచ్చినదెట్లు? ఈ ప్రశ్న ఆ పల్లెటూరి విద్యార్థిని విడువలేదు.

ఆయన గురువగు సెర్గేయ్ సొలొవ్యోవ్ 29 సంపుటముల రష్యా చరిత్రను వ్రాసిన మహాపండితుడు. 1879 లో గురువు మరణింపగా ఆ పీఠము శిష్యునికి లభించెను. నత్తి పూర్తిగా పోలేదు గాని, ఆయన దానిని మాటల నడుమ నిలుపుగా మార్చుకొనెను. ఆ నిలుపులే ఉపన్యాసమునకు అందమయ్యెను. ఆయన ఉపన్యాసమనగా విద్యార్థులు గది పట్టనంతగా క్రిక్కిరిసెడివారు. స్త్రీల ఉన్నతవిద్యకై మాస్కోలో వెలసిన తరగతులలో కూడ ఆయన బోధించెను.

మమ్ము ఎక్కువగా ఆకర్షించినది ఆయన నిజాయితీ. తొలినాళ్ళలో పురాతన సాధువుల జీవితములను ఏండ్ల తరబడి పరిశోధించెను. వానిలో సామాన్యజనుల బ్రదుకు కనబడునని ఆశపడెను. తీరా చూడగా అవి పెక్కులు ఒకే అచ్చున పోసినవి. పడిన శ్రమకు జంకక, వానినుండి చరిత్రకు దొరకునది కొంచెమేయని ఆయన ప్రకటించెను.

1885 లో ఆయన తన పాత ప్రశ్నకు జవాబు వ్రాసెను. రైతులను బంధించినది ఏదో యొక రాజాజ్ఞ కాదట. భూస్వామివద్ద విత్తనములకును, పశువులకును చేసిన అప్పులట. తీరని అప్పు తీరని పనియయ్యెను. వాడుక క్రమముగా చట్టమయ్యెను. 1649 నాటి ధర్మశాస్త్రము ఆ ముడిని బిగించెను. తరువాతి పరిశోధకులు ప్రభుత్వాజ్ఞల పాత్ర హెచ్చని చూపి ఈ వాదమును సవరించిరి. అయినను చిన్న పత్రములలో పెద్ద చరిత్రను వెదకవలెనను ఆయన దృష్టి నిలిచినది. 1904 నుండి వెలువడిన ఆయన 'రష్యా చరిత్రోపన్యాసములు' అట్టివే. 1911 లో ఆయన దివంగతుడయ్యెను.

ఇది చదివిననాడు మా అటుక మాకు జ్ఞప్తికి వచ్చినది. మన తెలంగాణమునను భగేలా యుండెను గదా! అప్పు తీరువరకు ఆసామి యింట పనిచేయుదునని పేదవాడు ఒడంబడిక వ్రాసియిచ్చెడివాడు. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనెడిది. 1936 లో హైదరాబాదు ప్రభుత్వము దీనిని అరికట్ట చట్టము చేసినది. మా మంటలో కాలినవి అప్పులు కావు. అప్పులు ఎన్నడో చచ్చినవి. కాలినది సాక్ష్యము. అందు మా వంశమునకు అప్రతిష్ఠ తెచ్చునది కూడ నుండవచ్చును. కాలినందుకు మాకు లోలోన కలిగిన హాయికి కారణమదియేయని ఇప్పుడు సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

మనకును ఇట్టి చరిత్రకారుడు లేకపోలేదు. 1930 లో మాకు సమీపమున నున్న జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షులైన సురవరము ప్రతాపరెడ్డిగారు, 1949 లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రకటించి, రాజులను ప్రక్కకు నెట్టి జనుల తిండిని, బట్టను, ఆటలను, ఆచారములను చరిత్రలో కూర్చుండబెట్టిరి. కాని ముందుముందు అట్టివారికి ఆధారములెవ్వరియ్యవలెను? మన అటుకలే గదా!

మిగిలిన నాలుగవ మూటను ఇటీవల విప్పితిమి. మోడి లిపి తెలిసిన వృద్ధులొకరు ఆదివారములందు వచ్చి చదివిపెట్టుచున్నారు. కూతురి పెండ్లికి తీసికొన్న జొన్నలకు బదులు ఆరేండ్లు పనిచేయుటకు ఒప్పుకొన్నవాని పత్రమొకటి దొరకినది. క్రింద బొటనవ్రేలి నిశానీ కలదు. వాని మనుమడు మా వీథి చివరనే కిరాణా అంగడి నడుపుచున్నాడు. కొన్నిదినములు తటపటాయించి, తుదకు పిలిచి చూపితిమి.

అతడు కోపింపలేదు. కాగితమును వెలుతురునకు పట్టి, "ఇది మా తాత వేలేనా, పంతులూ?" అని అడిగి, తన బొటనవ్రేలిని దానిప్రక్క నుంచి చాలసేపు చూచుచుండెను.