సిలిండర్ మీది బొమ్మ

మా తాతకు ఒక భర్మారు ఉండేది. లైసెన్సు ఉన్నదే. పంట మీదికి అడవిపందులు దిగే కాలంలో మంచె మీద పడుకుని దాన్ని పక్కన పెట్టుకునేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పజెప్పి, అయిపోయాక తెచ్చుకోవాలి. ఒకసారి తెచ్చుకున్నప్పుడు దాని సుత్తి నిలబడటం లేదు, లోపల స్ప్రింగ్ విరిగింది. మా ఊరి కమ్మరి దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "లైసెన్సు నీకుంది, బాగుచేసే లైసెన్సు నాకు లేదు కదా తాతా" అన్నాడు. అతనన్నది నిజమే, తుపాకీ బాగుచేయడానికి వేరే లైసెన్సు ఉండాలి. భద్రాచలం దాకా తిరిగినా పని జరగలేదు. అది గోడకు ఆనించే ఉండిపోయింది. తాత పోయాక నాన్న తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదిహేనేళ్ళ తర్వాత అలాంటి విరిగిన స్ప్రింగే నా చేతిలోకి వచ్చింది. అది టెక్సాస్‌లో.

ఆశ్రమ పాఠశాలలో చదివి, డిప్లొమా, ఇంజనీరింగ్ దాటుకుని అక్కడికి చేరాను. ఒక మెషిన్ షాపులో పని. అద్దెకున్నది ఒక పెద్దాయన ఇంటి వెనక గదిలో. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు నన్ను గ్యారేజీలోకి పిలిచి గుడ్డలో చుట్టిన ఒక రివాల్వర్ బల్ల మీద పెట్టారు. చేతిలోకి తీసుకుంటే రెండు కిలోల బరువు. అది 1847 నాటి కోల్ట్ వాకర్‌కు నకలు, ఇటలీలో చేసింది. తూటాలు వేసే రకం కాదు. సిలిండర్‌కున్న ఆరు గదుల్లో ఒక్కోదానిలో నల్లటి తుపాకీ మందు పోసి, సీసపు గుండు పెట్టి, గొట్టం కిందున్న కాడతో దట్టించి, వెనక ముక్కుకు పేలుడు టోపీ తొడగాలి. మా తాత భర్మారును ఆరుసార్లు కలిపి కుట్టినట్టు అనిపించింది.

"దీనికి లైసెన్సు?" అని అడిగాను. పెద్దాయన నవ్వారు. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం 1898 దాకా తయారైన పాత తుపాకులను, మందు దట్టించే ఇలాంటి నకళ్ళను మామూలు తుపాకుల లెక్కలోకి తీసుకోదు. కొన్ని రాష్ట్రాల్లో వేరే కట్టుబాట్లున్నాయి గానీ ఇక్కడ పోస్టులో ఇంటికే వస్తుంది. విడిభాగాలూ అంతే. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. భద్రాచలం బస్టాండులో గోనెసంచిలో చుట్టిన తుపాకీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తాత గుర్తొచ్చాడు.

ఈ నకళ్ళ కథ చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండే ముందు, 1950ల చివర, ఆ కాలపు తుపాకుల మీద జనానికి మోజు పెరిగింది. అసలువి దొరకవు, దొరికినా కొనలేరు. ఇటలీలో బ్రెషా దగ్గర వాల్ ట్రొంపియా లోయలో వందల ఏళ్ళుగా తుపాకులు చేసే ఊళ్ళున్నాయి. అక్కడివాళ్ళు అచ్చం అలాంటివి చేసి అమెరికాకు పంపడం మొదలుపెట్టారు. నకళ్ళకు చట్రం మీద చిన్న పెట్టెలో రెండు అక్షరాలు కొట్టి ఉంటాయి. తనిఖీ అయిన సంవత్సరానికి అది గుర్తు. దాన్ని బట్టి మా రివాల్వర్ నాకంటే పెద్దది.

విరిగింది ట్రిగ్గర్ స్ప్రింగ్. రెండు కాళ్ళున్న చదునైన పట్టీ అది. ఒక కాలు ట్రిగ్గర్‌ను నెడుతుంది, రెండోది సిలిండర్‌ను గదికి ఎదురుగా ఆపే చిన్న కొక్కేన్ని నెడుతుంది. ఈ రకం రివాల్వర్లలో ముందుగా విరిగేది ఇదే. పెద్దాయన కొత్తది తెప్పించారు. పెట్టి చూస్తే ఒక కాలు పొడుగు, మరచుట్టు రంధ్రం పక్కకి జరిగి ఉంది. ఇంకో చోటినుంచి తెప్పిస్తే అది మరీ అన్యాయం. ఒక కంపెనీ భాగం ఇంకో కంపెనీ తుపాకీకి పట్టదు. ఒకే కంపెనీ అయినా ముప్పై ఏళ్ళ కిందటిదానికీ ఇప్పటిదానికీ పట్టకపోవచ్చు. పైగా ఇటలీ మరలు మిల్లీమీటర్ల లెక్కవి, పెద్దాయన డబ్బాల నిండా ఉన్నవి అంగుళాల లెక్కవి. యంత్రాల మీద ఒకే కొలతకు భాగాలు చేయించడంలో పేరుమోసినవాడు సామ్యూల్ కోల్ట్. ఆయన తుపాకీ నకలుకు మాత్రం ఒక్కో ముక్కనూ ఆకురాయితో అరగదీసి, సానరాయి మీద నున్నచేసి, పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకోవాలి.

"నేను చేస్తాను" అన్నాను. మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని తిత్తి ఊదినవాణ్ణి. స్ప్రింగు ఉక్కు రేకు కోసి, విరిగినదాని మీద పెట్టి గీసి, అరగదీసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి, ఎండుగడ్డి రంగు రాగానే తీసేశాను. మా కమ్మరి కొడవళ్ళకు అలాగే చేసేవాడు. బిగించి సుత్తి నాలుగుసార్లు లాగేసరికి టక్కున విరిగింది. కొడవలికి పట్టే పదును స్ప్రింగుకు పనికిరాదు, గడ్డి రంగు దాటి ఊదా దాటి నీలం వచ్చేదాకా ఆగాలి. లారీ కమాను పట్టీల రంగు గుర్తుకొచ్చి తల కొట్టుకున్నాను. రెండోది నిలబడింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. సిలిండర్ తుప్పు పట్టి ఉంది. నల్లమందు మసి గాలిలో తేమను లాక్కుంటుంది, వేడి సబ్బునీళ్ళతో అదేరోజు కడగకపోతే ఇనుమును తినేస్తుంది. తాత భర్మారునూ మరిగిన నీళ్ళతోనే కడిగేవాడు. నేను నూనె గుడ్డతో నెమ్మదిగా రుద్దుతుంటే కింద సన్నటి గీతలు కనిపించాయి. లైటు కిందికి తెచ్చాను. గుర్రాలు. గుర్రాల మీద పిస్తోళ్ళతో సైనికులు. వాళ్ళ ముందు పరుగెత్తే గుర్రాల మీద ఇంకెవరో.

"వీళ్ళెవరు?" అన్నాను.

పెద్దాయన ఉత్సాహంగా చెప్పారు. 1844 జూన్ 8న టెక్సాస్‌లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ నాయకత్వంలోని కొద్దిమంది రేంజర్లు తమకంటే ఎన్నో రెట్లున్న కొమాంచీలను ఓడించారు. అప్పటిదాకా తుపాకీ ఒకసారి పేల్చి మళ్ళీ దట్టించేలోపు గుర్రం మీది కొమాంచీ బాణం మీద బాణం వదిలేవాడు. ఆ రోజు రేంజర్ల చేతుల్లో కోల్ట్ చేసిన ఐదు గుండ్ల రివాల్వర్లున్నాయి. లెక్క తిరగబడింది. అందులో బల్లెం పోటు తిన్న సామ్యూల్ వాకరే తర్వాత కోల్ట్‌తో కలిసి ఈ ఆరు గుండ్ల నమూనా తయారు చేయించాడు. మూతపడిన కోల్ట్ వ్యాపారం ఈ ఆర్డరుతోనే లేచింది. బొమ్మ చెక్కింది ఆర్మ్స్‌బీ అనే ఆయన, నోట్లకు అచ్చులు చెక్కే పనివాడు. ఇటలీవాళ్ళు తుపాకీతో పాటు బొమ్మనూ నకలు చేశారు.

నేను గుడ్డ బల్ల మీద పెట్టేసి గదికి వచ్చేశాను. నా స్ప్రింగు లోపల ఉంది. కొమాంచీలు ఏ పాపం ఎరుగనివాళ్ళని అనను, వాళ్ళూ అపాచీలను తరిమి ఆ మైదానాలు పట్టుకున్నవాళ్ళే. అయినా ఒక సరుకు మీద అమ్మకానికి గుర్తుగా చెక్కిన బొమ్మలో పారిపోతున్నవాడి వైపే నా కళ్ళు పోయాయి. ఆ రాత్రి చదివితే తెలిసింది, కొమాంచీ అనేది వాళ్ళ మాట కాదు. వాళ్ళు తమను నుమును అనుకుంటారు. అంటే మనుషులు. మనం కోయతూర్ అనుకున్నట్టే.

వారంపాటు గ్యారేజీ వైపు పోలేదు. చివరికి పెద్దాయనే వచ్చి తలుపు తట్టారు. "ముప్పై ఏళ్ళుగా నా దగ్గరుంది. పరుగెత్తేవాళ్ళ వైపునుంచి నేనెప్పుడూ చూడలేదు. ఎమిరీ కాగితం పెట్టి తీసేద్దామా? కావాలంటే బొమ్మలేని సిలిండర్ వెతుకుతాను" అన్నారు. నిజంగానే అన్నారు. నేను చాలాసేపు ఆలోచించి వద్దన్నాను. అరగదీస్తే జరిగింది పోదు, ఎవరు ఎవరిని తరిమారో చూపించే గీతలు మాత్రం పోతాయి. నూనె రాసి అలాగే ఉంచాం.

తర్వాత ఒక శనివారం ఇద్దరం రెడ్ రివర్ దాటి ఓక్లహామాలోని లాటన్ వెళ్ళాం. కొమాంచీల సొంత మ్యూజియం ఉందక్కడ. అక్కడ కూర్చున్న ఒకావిడను నుమును అని ఎలా పలకాలో అడిగాను. రెండుసార్లు పలికించి నా తప్పు దిద్దింది. "మీరు ఏ జనం?" అని అడిగింది. అమెరికాలో నన్నెవరూ అలా అడగలేదు, ఏ దేశం అనే అడుగుతారు. కోయతూర్ అన్నాను. అర్థం చెప్తే "అందరం అదే పేరు పెట్టుకున్నామన్నమాట" అని నవ్వింది. పెద్దాయన పక్కనే టోపీ చేతిలో పట్టుకుని నిలబడి విన్నారు. దారిపొడుగునా పెద్దగా మాట్లాడలేదు.

వాకర్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు ఇంకొకటుంది. పేల్చిన అదురుకు దట్టించే కాడ కొక్కెం వదిలి కిందికి జారుతుంది, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటుంది. పాతకాలంలో తోలు వారుతో గొట్టానికి కట్టేవారట. పెద్దాయన కొత్త కొక్కెం కోసం వెతుకుతుంటే నేను ఒక పచ్చితోలు ముక్క నానబెట్టి బిగించి కట్టాను. ఆరాక ఇనుప పట్టీలా పట్టుకుంది. తాత తుపాకీ కర్ర చీలితే అలాగే కట్టుకున్నాడు.

నేను చేసిన స్ప్రింగు ఇంకా నిలిచే ఉంది. పోయిన నెల పేలుడు టోపీ తొడిగే ముక్కుల్లో ఒకటి పగిలింది. పెద్దాయన ఆరూ ఒకేసారి తెప్పించారు. మరలు పట్టలేదు. మళ్ళీ రాశాం.