అందరినీ అడగాల్సిన ప్రశ్న

న్యూజెర్సీలో మా ఫ్యామిలీ డాక్టరమ్మ ఏటా చెకప్‌కి వెళ్లినప్పుడు బీపీ చూస్తూనే అడిగేస్తుంది. హెచ్‌ఐవీ టెస్టు ఎప్పుడైనా చేయించుకున్నారా? పాప్ స్మియర్ ఎప్పుడైంది? కొత్త భాగస్వామి ఎవరైనా ఉన్నారా? యాభై దాటిన నన్నూ అడుగుతుంది, పాప్ స్మియర్ మాట తప్ప మిగతావి కాలేజీలో చదివే మా అబ్బాయినీ అడుగుతుంది. 13 నుంచి 64 ఏళ్ల వాళ్లందరికీ మామూలు వైద్యంలో భాగంగానే ఒక్కసారైనా హెచ్‌ఐవీ పరీక్ష చేయాలని అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2006లోనే చెప్పింది. అందరినీ అడుగుతుంది కాబట్టి, నన్నేదో అనుమానిస్తోందని నాకెప్పుడూ అనిపించలేదు.

మొన్న హైదరాబాద్ వచ్చి కొండాపూర్‌లో అక్కావాళ్లింట్లో దిగాను. అక్క కూతురికి గచ్చిబౌలిలో ఉద్యోగం. కంపెనీ ఏటా షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలన్నీ చేయిస్తుంది.

"హెచ్‌పీవీ టీకా సంగతి ఈసారి ఆఫీసు చెకప్‌లో అడిగాను పిన్నీ. పెళ్లయిందా అన్నాడు డాక్టరు. కాలేదన్నాను. అయితే ఇప్పుడెందుకమ్మా అనేశాడు. పక్కన మా ఆఫీసువాళ్లున్నారు, ఇంకేం మాట్లాడను?"

నాకు చాలా కోపం వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే ఆ టీకా, లైంగిక జీవితం మొదలవకముందే వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుంది. పెళ్లికాని పిల్లకే కదా ముందు చెప్పాల్సింది! 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి పుట్టనివాళ్లు ఇవాళ మాదాపూర్ హాస్టళ్లలో ఉంటూ తమ బతుకు తామే చూసుకుంటున్నారు. వాళ్లకు ప్రేమలుంటాయి. మగవాళ్లను ప్రేమించే మగపిల్లలూ ఉంటారు. వీళ్లంతా ఎవరిని అడగాలి?

అడగడానికి మనిషి లేడు గానీ, మందుల తయారీలో ఈ ఊరికి సాటి తక్కువ. విదేశీ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో, శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డిగారు హెపటైటిస్ బి టీకాను చవగ్గా తెచ్చింది ఇక్కడి నుంచే. ఆ జబ్బు లైంగికంగా కూడా సోకుతుంది. హెచ్‌ఐవీ రాకుండా ఆరునెలలకోసారి వేసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కి అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్లు దాటుతుంది. దాని జనరిక్‌ని 2027 నుంచి ఏడాదికి దాదాపు 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశాలకు ఇస్తామని 2025లో ప్రకటించిన కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్. రెండూ హైదరాబాద్‌వే.

మందులున్నా, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే రిపోర్టు హెచ్‌ఆర్ చేతికి వెళ్తుందేమోనని పిల్లల భయం. 2018 సెప్టెంబరులో అమల్లోకొచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఉద్యోగమివ్వడానికి దాన్ని షరతుగా పెట్టకూడదు. ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీ) పరీక్ష ఉచితం. సందేహాలకు 1097 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ఆఫీసు చెకప్‌లో ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అక్క కూతుర్ని మాదాపూర్‌లో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నన్ను బయట కూర్చోమని, పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. మొదటి డోసు ఆ రోజే వేసింది. రెండోది రెండు నెలలకు, మూడోది ఆరో నెలలో. రెండోదానికి తోడు వస్తానని అక్క తనంతట తానే అంది.