ఖాలా చేతి పళ్ళెం

మా ఖాలా కుమార్తె నికాహ్ జనవరిలో నిశ్చయమయింది. హల్దీకి వచ్చేవారికి ఏమి పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, చాక్లెట్‌లో ముంచి అలంకరించిన పండ్ల పళ్ళేలు కావాలని పెళ్ళికూతురు ముచ్చటపడింది. అంగట్లో వాటి ధర విని మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఖాలూ మరణించి నాలుగేళ్ళయింది. ఖాలా కుట్టుమిషను మీద నడుస్తున్న ఇల్లది. పండ్లు మేమే చేస్తామని మాట ఇచ్చాము గాని, అంతకు ముందు ఆ పని చేసి ఎరుగము.

మా ఏలూరు చుట్టుపక్కల కొబ్బరి తోటల నీడలో కోకో విరివిగా పండుతుంది. అయినా మేము కొన్నది కాంపౌండ్ చాక్లెట్ దిమ్మలే. అందులో కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది. రుచి కొంత తక్కువే అయినా, కరిగించి ముంచితే తనంత తానే గట్టిపడుతుంది. అసలు చాక్లెట్‌ను లెక్కగా వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ కొంచెం వేడిచేయకపోతే మెరుపు తగ్గి, పైన తెల్లటి మచ్చలు వస్తాయి. పదార్థాల పట్టీ చదివి, మద్యం కలిసినదేదీ లేదని చూసుకొని మరీ తెచ్చాము.

మొదటి గిన్నె పాడయింది. మరుగుతున్న నీళ్ళ మీద పెట్టి కరిగిస్తుండగా, గరిటెకు పట్టిన ఆవిరి నాలుగు చుక్కలై లోపల పడింది. నున్నగా జారుతున్న చాక్లెట్ చూస్తుండగానే బిరుసెక్కి ముద్దకట్టింది. అర కిలో పోయిందని మా చిన్న చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు ఖాలా వచ్చారు. ఆ ముద్దలో వేడిపాలు పోసి, గిలకొట్టి, ఇంట్లోని పిల్లలందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చారు. తరువాత గిన్నెలు, గరిటెలు పొడిగుడ్డతో తుడిచారు. కడిగిన స్ట్రాబెర్రీలను, ద్రాక్షలను ఒక్కొక్కటిగా ఒత్తి, ఫ్యాను కింద ఆరబెట్టారు. ఖర్జూరాల గింజలు తీసి బాదంపప్పు పెట్టాము. ఫోర్కు మీద ముంచి, గిన్నె అంచున తట్టి, బటర్ పేపరు మీద పరిచాము.

అలంకరణ మాత్రం ఖాలాదే. కాగితాన్ని మెహందీ కోన్‌లా చుట్టి, అందులో తెల్ల చాక్లెట్ నింపి, ఒక్కొక్క ఖర్జూరం మీద తీగ, మొగ్గ, ఆకు గీశారు. ఒకప్పుడు మా బంధువర్గంలో ఏ పెళ్ళికూతురి చేతికైనా మెహందీ పెట్టింది ఆమే. ఈ నాలుగేళ్ళలో ఆమెను ఎవరూ పిలవలేదు.

హల్దీ రోజున సుహాగన్లే పసుపు పూయాలని మా వైపు వాడుక. ఎక్కడిదో, ఎవరు పెట్టారో తెలియదు. దైవప్రవక్త (స) వితంతువైన హజ్రత్ ఖదీజా (ర.అ.)ను వివాహమాడిన వృత్తాంతం పిల్లలకు చెప్పే మేమే, ఆనాడు ఖాలాతో, “మీరు అలసిపోయారు, లోపల కూర్చోండి” అన్నాము. ఆమెకు మాట పడకుండా కాపాడుతున్నామని అప్పుడు అనుకున్నాము. ఆమె ఏమీ అనలేదు, వంటింట్లో కూర్చొని ఖాళీ పళ్ళేలు సర్దుతూ ఉండిపోయారు.

పళ్ళేలు చూసి పెళ్ళికొడుకు తరఫువారు ఏ దుకాణంలో కొన్నారని అడిగారు. మేమే చేశామని గర్వంగా చెప్పాము. ఖాలా పేరు ఎత్తలేదు.

ముఖమంతా పసుపుతో పీట మీద కూర్చున్న పెళ్ళికూతురు ఆ మాట విన్నది. “అమ్మీ చేశారు. ఆ తీగలన్నీ అమ్మీ గీసినవే. నా చేతికి మెహందీ కూడా అమ్మీయే పెడతారు,” అన్నది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరుసటి రోజుకు కుదుర్చుకున్న మెహందీ ఆవిడకు రావద్దని మా అక్క ఫోను చేసింది. ఖాలాను పిలవడానికి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ముందుగా ఎవరు మాట్లాడాలో తెలియక మేము ముగ్గురమూ అక్కడే నిలబడిపోయాము.

మరునాడు సాయంత్రం ఖాలా కోన్ పట్టుకొని కూతురి అరచేయి దగ్గరకు లాక్కున్నప్పుడు, ఆమె గోళ్ళ అంచుల్లో చాక్లెట్ ఇంకా పూర్తిగా పోలేదు.