సరిహద్దు దాటొచ్చే మేనమామ

మాఘమాసంలో ఓ ఆదివారం పొద్దున కొడంగల్ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు... ఆ రోజు ఊళ్లో ఎన్ని ఫంక్షన్లున్నాయో తెలిసిపోతుంది. కర్ణాటక వైపు నుంచి వచ్చిన బస్సులోంచి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన దిగుతాడు. వెనకే భార్య, పిల్లలు. ఒక చేతిలో సూట్‌కేసు. ఇంకో చేతిలో పసుపు కలిపిన బియ్యం సంచి. ఆటోవాలా ఆయన్ని ‘ఎక్కడికి?’ అని అడగడు. ‘ఏ ఫంక్షన్ హాలు?’ అనే అడుగుతాడు. ఆ వాలకం చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది, వచ్చింది మేనమామ అని!

హైదరాబాద్ నుంచి కొడంగల్ వందకు పైచిలుకు కిలోమీటర్లు. చేవెళ్ల దారిలో రెండువైపులా ఊడలమర్రులు పలకరిస్తాయి. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడల్లా ప్రకృతి ప్రేమికులు గొంతెత్తింది ఈ మర్రిచెట్ల కోసమే. మన్నెగూడ, పరిగి దాటాక నేల రంగు మారుతుంది. కంది చేలు మొదలవుతాయి. పక్కనే ఉన్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇళ్లముందు పరిచిన నాపరాయి కూడా ఆ తాండూరుదే. ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడి, బ్రహ్మోత్సవాలప్పుడు జాతర. ఇక్కడి ఎమ్మెల్యే రేవంత్‌రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యాక కొడంగల్ పేరు తెలియనివాళ్లు లేరు. కానీ ఈ ఊరి అసలు సంగతి తెలియాలంటే ఇళ్లలోకి వెళ్లాలి. ఎవరి పుట్టిల్లు ఎక్కడో అడగాలి.

సగం మంది వేలు పడమటికే చూపిస్తుంది. సేడం, గుర్మిట్కల్, చించోళి, యాద్గిర్... అన్నీ కర్ణాటకలోవే. ‘అదేంటి, అంతదూరం పిల్లనిచ్చారా?’ అంటే నవ్వుతారు. ఇచ్చినప్పుడు అది దూరం కాదు మరి! హైదరాబాద్ రాజ్యంలో కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవి. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు ఈ రెండూ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. మిగిలిన గుల్బర్గా అప్పటి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. గీత గీసింది కాగితం మీదే. అది అక్కను అటు, తమ్ముణ్ని ఇటు చేసింది. 2016లో కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వికారాబాద్ జిల్లాకు మారింది. జిల్లాలు మారినా, రాష్ట్రాలు మారినా వియ్యాలు మాత్రం పాత తాలూకా లెక్కలోనే సాగుతున్నాయి.

ఇటు ఒడిబియ్యం... అటు ఉడి

పెళ్లయిన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, ఒడిలో బియ్యం పోయడం తెలంగాణలో ఇంటింటి ఆనవాయితీ. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ. ఆ బియ్యాన్ని ఆమె అత్తింటికి తీసుకెళ్లి, మంచిరోజు చూసి వండి, నలుగురినీ పిలిచి పెడుతుంది. సరిహద్దు దాటితే ఇదే వేడుకను ‘ఉడి తుంబువుదు’ అంటారు. ఒడి నింపడం. మాట కన్నడం, చేత మాత్రం ఒకటే. ఇక్కడి ఆడబిడ్డలు బతుకమ్మకు పుట్టింటికి వెళ్తారు, రాఖీకి వెళ్తారు. అక్కడివాళ్లకు పంచమి పండుగ. శ్రావణంలో నాగపంచమికి అన్న వచ్చి తోలుకుపోవాలి, చెట్టుకు ఉయ్యాల వెయ్యాలి. అటు పుట్టి ఇటు మెట్టిన కోడళ్లు రెండు పండుగలకూ పేచీ పెడతారని మగవాళ్ల ఫిర్యాదు. పెట్టరా మరి!

తోడబుట్టినవాడి అసలు పరీక్ష మాత్రం అక్క పిల్లలు ఎదిగాక వస్తుంది. పుట్టువెంట్రుకలప్పుడు మేనమామ ఒడి కావాలి. మొదటి కత్తెర ఆయనదే. ఆ తర్వాత తొమ్మిదో ఏటో, పదకొండో ఏటో ఆడపిల్లకు ఓణీ, మగపిల్లాడికి పంచె. పెద్దమనిషి అయిన పిల్లకు నాలుగ్గోడల మధ్య జరిగే వేడుక పాతకాలం నుంచీ ఉన్నదే. ఇప్పటి ఓణీల ఫంక్షన్ వేరు. శుభలేఖల్లో దాని పేరు ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’. ఇంట్లో అక్కాతమ్ముళ్లుంటే ఇద్దరికీ కలిపి ఒకే రోజు చేసేస్తారు. హాలు ఖర్చు, వంటల ఖర్చు కలిసొస్తుంది. కలిసిరానిది మేనమామకే! రెండు జతల పట్టుబట్టలు, పిల్లకు కమ్మలో గొలుసో, పిల్లాడికి ఉంగరం, అక్కాబావలకు బట్టలు. మేనమామ తెచ్చిన బట్టలు కట్టుకుంటేగాని పిల్లలు పీటల మీదికి రారు. ఆయన బస్సు ఆలస్యమైతే ముహూర్తం కూడా గుమ్మంలో నిలబడాల్సిందే.

హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకాయన కట్నాల పుస్తకంలో పేర్లు రాస్తుంటాడు. ఎవరు ఎంత రాయించారో మైకులో చెబుతారు. మేనమామ పేరు దగ్గరకొచ్చేసరికి హాలు ఒక్క క్షణం సద్దుమణుగుతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి... ఆ క్షణంలో అక్క గుండె కొట్టుకునేది బంగారం కోసం కాదు. అత్తగారి ముందు, తోడికోడళ్ల ముందు పుట్టిల్లు నిలబడుతుందా లేదా అని. నిలబెట్టడానికి తమ్ముడు కంది పంట మీద అప్పు తెచ్చి ఉండొచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఏమీ అనదు. ఆయనా చెప్పడు.

ఇంత ఖర్చెందుకని అడిగేవాళ్లు ఒక లెక్క మరిచిపోతుంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కర్ణాటకలో ఆ మార్పు 1994లో వచ్చింది. దేశమంతటికీ 2005లో. అంటే దాదాపు తొమ్మిదేళ్లపాటు కొడంగల్ ఆడపిల్లకున్న హక్కు సేడం ఆడపిల్లకు లేదు. మరి ఉన్నవాళ్లంతా వాటా తీసుకున్నారా? చాలా ఇళ్లలో తీసుకోలేదు. తండ్రి పోయాక భూమి అన్నదమ్ముల పేరిట మారేటప్పుడు అక్కచెల్లెళ్లు వచ్చి సంతకం పెట్టి వెళ్లారు. ‘నాకెందుకు తమ్మీ, నువ్వు సల్లగుండు. పండుగకు పిలువు చాలు’ అన్నారు. ఆ ఒక్కమాటలో ఎన్ని ఎకరాలు ఇమిడి ఉంటాయో! మేనమామ మోసుకొచ్చే మూట అందుకే అంత బరువు. అది కానుక మాత్రమే కాదు, బాకీ కూడా. భూముల ధరలు పెరిగాక ఈ మౌన ఒప్పందానికి బీటలు వారుతున్నాయి. సంతకం దగ్గర మాటామాటా పెరిగిన ఇళ్లలో ఒడిబియ్యం ఆగిపోతాయి. ఓణీల వేడుకలో మేనమామ పీట ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీ పీటను ఏ పూలదండా కప్పలేదు.

అక్కడ పిల్లాడే చదవాలి

ఎండాకాలం సెలవుల్లో ఓణీ కట్టించుకోవడానికి అమెరికా నుంచి వచ్చే పిల్లలూ ఉంటారు. వాళ్లలో కొందరికి ఇంకో వేడుక బాగా పరిచయం. న్యూజెర్సీలాంటి చోట్ల ఏడో తరగతికి వచ్చేసరికి యూదు స్నేహితుల ఇళ్ల నుంచి బార్ మిట్జ్వా పిలుపులు మొదలవుతాయి. యూదుల్లో మగపిల్లాడికి పదమూడేళ్లు నిండితే మతధర్మాలు పాటించే బాధ్యత అతడిదే. ప్రార్థనా మందిరంలో అందరిముందూ నిలబడి, హీబ్రూలో ఉన్న తోరా గ్రంథంలోంచి తన వంతు భాగాన్ని రాగయుక్తంగా చదవాలి. నెలల తరబడి సాధన చేస్తేగాని రాదు. ఆ రోజు నుంచి సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమందిలో అతనూ ఒకడు. ‘వీడి బాధ్యత నామీద నుంచి దించావు’ అంటూ తండ్రి దేవుడికి దండం పెడతాడు. ఆడపిల్లలకు బాట్ మిట్జ్వా. అమెరికాలో దీన్ని మొదటిసారి చేసింది 1922లో, న్యూయార్క్‌లో, జుడిత్ కప్లాన్ అనే పన్నెండేళ్ల అమ్మాయికి. సాయంత్రం విందులో కొవ్వొత్తులు వెలిగించే ఆచారం అక్కడ చాలామందికి ఉంది. తాతయ్యలు, మామలు, అత్తలు వచ్చి ఒక్కొక్కటీ వెలిగిస్తారు. తోబుట్టువులకూ ఒకటి ఉంటుంది.

తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ పరీక్ష పిల్లాడికి. ఇక్కడ మేనమామకు. కొడంగల్ హాల్లో సింహాసనం కుర్చీలో కూర్చున్న పాప నోరు విప్పాల్సిన పనేలేదు. ఫొటోగ్రాఫర్ ఎటు చూడమంటే అటు చూస్తే చాలు. ఆ పిల్లచేత ఒక పద్యమైనా చెప్పిస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తే తప్పు పట్టలేం.

యూదుల కోసం న్యూజెర్సీ దాకా వెళ్లనక్కర్లేదు కూడా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తమను బెనె ఎఫ్రాయిం అంటారు, అంటే ఎఫ్రాయిము సంతానం. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. ఈ మార్గం పట్టించిందీ ఇద్దరు అన్నదమ్ములే... షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి. 1990ల మొదట్లో ఊళ్లో ప్రార్థనా మందిరం వెలిసింది. వీళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది.

ఎఫ్రాయిము కథే ఓ తోబుట్టువుల కథ. అన్నలు అమ్మేస్తే ఈజిప్టు చేరిన యోసేపు, కరవుకాలంలో ఆ అన్నలకే తిండి పెట్టాడు. అతడి కొడుకులు మనష్షే, ఎఫ్రాయిము. తాత యాకోబు చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద పెట్టి దీవించాడు. తమ్ముడికి పెద్దరికం దక్కినా అన్న గొడవపడలేదట. యూదు తండ్రులు శుక్రవారం సాయంత్రం కొడుకుల్ని ‘ఎఫ్రాయిములా, మనష్షేలా ఉండు’ అని దీవించేది అందుకేనని చెబుతారు. భూమి సంతకాల దగ్గర తగువులాడుకునే మన ఇళ్లలోనూ ఈ దీవెన పనికొచ్చేదే.

సాయంత్రం నాలుగయ్యేసరికి కొడంగల్ హాళ్లలో కుర్చీలు ఎత్తేస్తుంటారు. మేనమామ మళ్లీ బస్టాండుకు వస్తాడు. సూట్‌కేసు తేలికైంది. ఇప్పుడు చేతిలో ఇంకో సంచి... అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, మిగిలిన లడ్డూలు, మరదలికి చీర. ‘రాఖీకి వస్తా’ అంటుంది అక్క. వస్తుంది కూడా. ఆ రోజు బస్సులో నిలబడే చోటుండదు. ఆధార్ కార్డు చూపిస్తే తెలంగాణ సరిహద్దు దాకా సున్నా టికెట్. ఆ గీత దాటాక, పుట్టింటి దాకా ఉన్న నాలుగు ఊళ్లకూ డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి.