పేరు లేని ఫ్లూటు

పాత చెక్క ఫ్లూటు కంటబడితే, అది ఎలా పలుకుతుందన్నది తర్వాత సంగతి. ముందు దాని మీద పేరు వెతుకుతారు. ఇంగ్లండు, ఐర్లండు పాతసామాన్ల అంగళ్లలో 19వ శతాబ్దపు ఫ్లూట్లు ఇప్పటికీ దొరుకుతాయి. నల్లటి చెక్క, ఆరు వేలి రంధ్రాలు, వెండిలా మెరిసే మీటలు, అతుకుల దగ్గర దంతపు కట్లు. మీద ‘రుడాల్ అండ్ రోజ్’ ముద్ర ఉందా, అంగడివాడి గొంతే మారిపోతుంది. 1821లో లండన్‌లో మొదలైన ఆ సంస్థ వాద్యాలంటే ఐరిష్ జానపద వాద్యకారులు ఈనాటికీ ప్రాణం పెడతారు. ముద్రలో వీధి పేరు కూడా ఉంటే మరీ మంచిది. దుకాణం ఎప్పుడెప్పుడు ఏ వీధికి మారిందో తెలుసు కాబట్టి వయసు ఇట్టే తేలిపోతుంది.

ముద్ర ఉంటే చిక్కు తీరినట్టేనా? అబ్బే! చాలామంది దుకాణదారులు ఎవరిచేతనో చేయించి తమ పేరు కొట్టి అమ్మేవారు. చార్లెస్ నికల్సన్ పేరున్న ఫ్లూట్లే చూడండి. ఆయన పెద్ద రంధ్రాల ఫ్లూటుతో లండన్‌ను ఊపేసిన వాద్యకారుడు. పేరు ఆయనది, చేసిన చేతులు వేరొకరివి. 1837లో ఆయన పోయినా ఆ పేరు మాత్రం అమ్ముడుపోతూనే ఉంది. ఇక జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్కెన్ అంటే ఊరంతా వాద్యాల పనివాళ్లే. అక్కడి సరుకు దేశదేశాలకూ వెళ్లింది, చేసినవాళ్ల పేర్లు మాత్రం ఊళ్లోనే ఉండిపోయాయి. గాలివాద్యాల తయారీదారుల చిట్టాగా లాంగ్‌విల్ సూచిక అనే లావుపాటి పుస్తకం ఉంది గానీ, అందులో వెతకాలన్నా ముందు ఓ పేరు కావాలి కదా!

అలాంటి అనామకం ఒకటి ఓసారి నా చేతికొచ్చింది. ముక్కలు విడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. తలముక్క దాటాక లోపలి గొట్టం కిందికి పోనుపోను సన్నబడుతుంది. శ్రుతి కుదరడానికి వేలి రంధ్రాల అంచుల్ని లోపలివైపు కత్తితో చెక్కి వెడల్పు చేసేవారు. బయటంతా నున్నగా మెరుగుపెట్టిన ఆ ఫ్లూటులో, మూడో రంధ్రం లోపల మాత్రం ఒకవైపు కాస్త ఎక్కువ చెక్కి ఉంది. స్వరం తగ్గిందనిపించి, ఊది చూసుకుని, మళ్లీ కత్తి పెట్టి ఉంటాడు. పేరు చెప్పకపోయినా ఆ మనిషి చెవి ఎలాంటిదో అక్కడ తెలిసిపోయింది.

ఆ మాటకొస్తే మనం మాత్రం వాద్యం చేసినవాడి పేరు అడుగుతామా? కచేరీలో వేణువు విని ఎవరి శిష్యుడని వాకబు చేస్తాం. వెదురు ఏరి తెచ్చి, కాల్చిన కడ్డీతో రంధ్రాలు పెట్టినవాడి ఊసే ఎత్తం.

కాబట్టి పేరులేని ఫ్లూటు దొరికితే వదలకండి. పేరుకు పోసే డబ్బు మరమ్మతుకు పనికొస్తుంది. లోపల లోహపు గొట్టం ఉన్న తలముక్కలు, చెక్క ఎండి కుంచించుకుపోవడంతో, నిలువునా పగిలి ఉండటం మామూలే. కట్లు దంతపువైతే మాత్రం, కాగితాలు లేకుండా దేశం దాటించకండి. కస్టమ్స్‌వాళ్లు ఫ్లూటు చేసినవాడి గురించి అడగరు, ఏనుగు గురించే అడుగుతారు.